మందు కొట్టేది ఒకరు, మందు నీళ్లు మోసేది ఇంకొకరు: జువ్వలదిన్నె రైతు కుటుంబాలకు సూచనలు



పైరుకు మందు కొట్టే రోజు మీ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారో ఒకసారి లెక్క వేసుకోండి. ట్యాంకు భుజాన వేసుకునేది ఎక్కువగా మగవాళ్లే. కాలువ నుంచి నీళ్లు తెచ్చేది, డ్రమ్ములో మందు కలిపేది, మరుసటి రోజే ఆ చేలో కలుపు తీసేది, మందు తడిసిన లుంగీ, చొక్కా ఉతికేది, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చి సర్దేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. అయినా మందుల గురించి శిక్షణ పెడితే పిలుపు వెళ్లేది పాస్‌బుక్‌లో పేరున్న వారికే.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేనూ ఇదే తప్పు చేశాను. సాయంత్రం ఆరు గంటలకు రచ్చబండ దగ్గర మీటింగ్ పెట్టి, ఆడవాళ్లు రాలేదని రిజిస్టర్‌లో రాసుకున్నాను. అది వాళ్లకు పొయ్యి వెలిగించే వేళ అన్న సంగతి నాకు తట్టలేదు.

ఇప్పుడీ మాట ఎందుకు?

ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం 1987 సెప్టెంబర్ 16న కుదిరింది. మన దేశం 1992లో చేరింది. ఈ ఒప్పందం కింద పేద దేశాలకు డబ్బు ఇచ్చే నిధి ఉంది. ప్రాజెక్టుల్లో ఆడవాళ్ల పని, వాళ్లకు జరిగే మేలు, కీడు లెక్కలోకి తీసుకోవాలని ఆ నిధి 2019లో ఒక విధానం పెట్టుకుంది. రసాయనాల ప్రాజెక్టుల్లోనూ ఇదే మాట వినిపిస్తోంది.

ఇది ఢిల్లీ సంగతి, మనకేంటి అనుకోవద్దు. ఆకాశంలో ఓజోన్‌కు, జువ్వలదిన్నెలో మన ఇంటికి మూడు దారుల్లో సంబంధం ఉంది: గింజల నిల్వ, యూరియా, చేపల ఐసు.

1. గింజల నిల్వ: ఓజోన్‌కు మేలైంది మనిషికి మేలు కాకపోవచ్చు

గోడౌన్లలో పురుగు చంపడానికి ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ వాయువు వాడేవారు. అది ఓజోన్‌ను తినేస్తుంది. అందుకే క్వారంటైన్, ఎగుమతికి ముందు చేసే శుద్ధి వంటివి మినహాయించి, మనలాంటి దేశాల్లో 2015 నాటికి దాన్ని ఆపేయాలని ఒప్పందం చెప్పింది. దాని స్థానంలో ఎక్కువగా వాడేది అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలో తేమ తగలగానే వీటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. ఓజోన్‌కు దానితో హాని లేదు. పక్క గదిలో పడుకున్న మనిషిని మాత్రం చంపుతుంది. విరుగుడు మందు లేదు.

ఈ మాత్రలు ఎవరుబడితే వాళ్లు వాడేవి కావు. ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు, అదీ నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలని నిబంధన. అయినా వడ్ల బస్తాల మధ్య మాత్రలు పెట్టి, అదే ఇంట్లో పిల్లలతో పడుకునే వాళ్లు ఉన్నారు. రాత్రీపగలూ ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కాబట్టి దెబ్బ ముందు వాళ్లకే.

ఏం చేయాలి:
- ఇంట్లో నిల్వకు ఈ మాత్రలు వద్దే వద్దు. ఎవరైనా చేతికిచ్చినా తీసుకోకండి.
- వడ్లను కల్లంలో బాగా ఎండబెట్టి, తేమ 12 శాతానికి తగ్గాకే బస్తాకెత్తండి. గింజ కొరికితే కటుక్కున విరగాలి.
- పాత గోనెలను ఎండలో వేసి దులిపి వాడండి. బస్తాలు గోడకు, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చండి. విత్తనానికి గాలి చొరబడని సంచులు మంచివి.

2. యూరియా: చేతిలో పొదుపు, ఆకాశానికి మేలు

యూరియా ఎక్కువైతే పైరుకు అందని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అది వందేళ్లకు పైగా నిలిచి, పైకి వెళ్లి ఓజోన్‌ను దెబ్బతీస్తుంది. మనుషుల పనుల వల్ల ఇప్పుడు వెలువడుతున్న వాయువుల్లో ఓజోన్‌కు ఎక్కువ హాని చేసేది ఇదేనని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి ఇది ఇంకా రాలేదు. అంటే దీని మీద నిషేధాలు లేవు, నిర్ణయం మన చేతిలోనే ఉంది.

వరిలో యూరియాను మూడు దఫాలుగా వేయండి: ఆఖరి దమ్ములో, దుబ్బు చేసేటప్పుడు, అంకురం దశలో. నీళ్లు తీసేసి బురద పదనులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. ఆకు ముదురు పచ్చగా ఉంటే అదనపు బస్తా అక్కర్లేదు. యూరియా ఎక్కువైన పైరుకు దోమ, తెగులు కూడా ఎక్కువ. ఒక బస్తా తగ్గితే ఒక దఫా మందు కూడా తగ్గవచ్చు.

కలుపు తీసేటప్పుడు పైరును దగ్గరగా చూసేది ఆడవాళ్లు. ఆకు రంగు పోల్చే కార్డు వాళ్ల చేతికి ఇవ్వండి. బస్తా కొనే ముందు వాళ్ల మాట అడగండి.

3. చేపల ఐసు, ఫ్రీజర్లు

జువ్వలదిన్నెకు ఫిషింగ్ హార్బర్ వచ్చింది. ఐసు, శీతల నిల్వ పని పెరుగుతుంది. చేపలు అమ్మే అక్కలు చిన్న ఫ్రీజర్ కొనాలనుకుంటే, సెకండ్ హ్యాండ్‌లో ఆర్-22 గ్యాసుది చవగ్గా వస్తుందని తొందరపడవద్దు. ఆ గ్యాసు ఓజోన్‌కు హాని. 2030 నాటికి మన దేశం దాన్ని దాదాపుగా ఆపేయాలి. రేపు గ్యాసు నింపాలంటే దొరకదు, దొరికినా ధర ఎక్కువ. కొత్తది కొనేటప్పుడు వెనక రేకు మీద ఆర్-290 లేదా ఆర్-600ఎ అని ఉందేమో చూడండి. ఇవి ఓజోన్‌కు హాని చేయవు, కానీ మండే గుణం ఉంది. శిక్షణ పొందిన మెకానిక్‌తోనే రిపేరు చేయించండి.

పెద్ద ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో వాడే అమ్మోనియా కూడా ఇంతే. ఓజోన్‌కు హాని లేదు, లీకైతే కళ్లు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. రొయ్య ఒలిచే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. పనిలో చేరే రోజే బయటికి వెళ్లే రెండో తలుపు ఎక్కడుందో, దానికి తాళం వేస్తారో లేదో అడగండి. లీకైతే తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని, గాలికి అడ్డంగా దూరం వెళ్లండి.

2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ లక్ష్యం ఉంది. ఆ పని చదువుకున్న మన ఆడపిల్లలు కూడా చేయగలరు. శిక్షణ కబురు వస్తే వాళ్ల పేర్లూ ఇవ్వండి.

డ్రోన్ వస్తే సమస్య తీరుతుందా?

సుమారు 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం 2023లో 'నమో డ్రోన్ దీదీ' పథకం తెచ్చింది. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం. ఆడవాళ్లను మందు కలిపే కూలీ స్థానం నుంచి యంత్రం నడిపే స్థానానికి తెచ్చే పథకం ఇది. మంచి మార్పే.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. డ్రోన్‌లో తక్కువ నీటిలో మందు కలుపుతారు, అంటే చిక్కదనం ఎక్కువ. ట్యాంకు నింపే చేతులకు గ్లౌజులు ఉండాలి. రెండోది మన తీరానికి ముఖ్యం: పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది. పక్కన రొయ్యల గుంట ఉంటే కొట్టుకొచ్చిన మందుకు రొయ్య చస్తుంది, ముఖ్యంగా సైపర్‌మెత్రిన్ లాంటి మందులకు. గాలి లేని తెల్లవారు జామునే, గుంట రైతుకు ముందే చెప్పి కొట్టించండి.

డబ్బా వంటింట్లోకి రాకూడదు

2013 జులైలో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఆ మందు తెలియని ఊరు మనకు లేదు.

- ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోయండి. తర్వాత చిల్లులు పొడవండి. నూనెకు, పాలకు, మంచినీళ్లకు వాడకండి.
- మందు బట్టలు విడిగా, గ్లౌజులు వేసుకుని ఉతకండి. కొట్టినవారే ఉతకడం ఇంకా మేలు. కాలువలో, చెరువులో వద్దు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందు కలిపే, కొట్టే పనికి పోకూడదు.
- మందు కొట్టిన చేలోకి లేబుల్ మీద రాసిన గడువు దాటాకే, కనీసం ఒక రోజు ఆగి కలుపు కూలీలను దించండి. కొట్టిన సంగతి వాళ్లకు చెప్పండి.
- లేబుల్ మీద త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదవడం రాకపోయినా రంగు తెలిస్తే చాలు.
- తల తిరుగుడు, వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి వెళ్లండి. విషాల సలహాకు ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

మాట ఎవరిది?

మన జిల్లాకు ఆడవాళ్ల మాట బలం కొత్త కాదు. దూబగుంట అక్కలు 1992లో సారా మీద తిరగబడితే, 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది. పురుగుమందులు లేని సాగు కూడా ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల చేతుల్లోకి వెళ్లాకే ఊళ్లకు ఊళ్లు పాకింది. ఇంటి ఖర్చు, ఇంట్లో వాళ్ల ఒళ్లు రెండూ చూసేది వాళ్లు కాబట్టి, మందు తగ్గించే లెక్క వాళ్లకు త్వరగా అర్థమైంది.

ఈసారి రైతు సేవా కేంద్రంలో మీటింగ్ అంటే మూడు విషయాలు అడగండి. మీటింగ్ మధ్యాహ్నం రెండు గంటలకు, కలుపు కూలీలు కూడా వచ్చే చోట పెట్టమనండి. గ్లౌజులు, మాస్కులు ఇస్తే ఆడవాళ్ల చేతికి సరిపోయే సైజు కూడా తెప్పించమనండి. హాజరు పట్టికలో పాస్‌బుక్ లేని కౌలు రైతు భార్య పేరు, కూలీ పేరు కూడా రాయమనండి. పిలవకపోయినా రండి. వచ్చిన వాళ్లకు చెప్పడం మా పని.