ఆ ఇంట తిన్న అన్నం మన మీద అప్పు



పరిచర్య నిమిత్తం పరదేశం వెళ్లి వచ్చినవారు సంఘం ముందు నిలబడి చెప్పే మాట ఒకటుంది: "అంత పేదరికంలో కూడా వాళ్ల విశ్వాసం ఎంత గొప్పదో!" వినడానికి బాగుంటుంది. అందరం స్తోత్రం చెబుతాం. ఆ తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్లిపోతాం. ఆ సాక్ష్యం అక్కడితో ఆగిపోకూడదని మా అభిప్రాయం. ఒకరి ఇంట అన్నం తిని వచ్చినవాడు సాక్ష్యంతో పాటు అప్పు కూడా తెచ్చుకుంటాడు.

మీ ప్రార్థనల వలన మేము నలుగురం నేపాల్ వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చిన సంగతి మీకు తెలుసు. రైలులో రక్సౌల్ దాకా వెళ్లి, సరిహద్దు దాటి బీర్‌గంజ్‌లో బస్సెక్కి, ధాదింగ్ జిల్లా కొండల్లోకి చేరాం. మేము ఉన్న ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. దానికి కారణం ఉంది. 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న నేపాల్ శిక్షాస్మృతి ప్రకారం ఒకరిని మతం మార్చినా, మార్చడానికి ప్రయత్నించినా 5 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. విదేశీయుడైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపించేస్తారు. అందుకే మేము వీధి సువార్తకు వెళ్లలేదు. అక్కడున్న విశ్వాసులతో కలిసి ఆరాధించడానికే వెళ్లాం. కూడికలో ఫోన్లు సంచుల్లోనే ఉంచాం. అతిథి నాలుగు రోజులుండి బస్సెక్కి వెళ్లిపోతాడు. అతడు పెట్టిన ఫొటో వల్ల వచ్చే చిక్కు మాత్రం ఆతిథ్యమిచ్చినవారి గుమ్మంలోనే ఉండిపోతుంది.

ఆ దేశంలో చాలాకాలంగా వారపు సెలవు శనివారం. కాబట్టి సంఘాలు ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. చెప్పులు బయట విడిచి, స్త్రీలు ఒక ప్రక్క, పురుషులు ఒక ప్రక్క, నేల మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు. మాదల్ అనే డోలు వాయిస్తూ పాడతారు. మనం వందనాలు చెప్పుకున్నట్టు వారు "జయ్ మసీహ్" అంటారు. భాష ఒక్కటి తప్పిస్తే మన పల్లె మందిరంలో ఉన్నట్టే ఉంటుంది.

2015 ఏప్రిల్ 25న వచ్చిన మహా భూకంపం కూడా శనివారం నాడే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు, సంఘాలు ఆరాధనలో ఉన్న వేళ. నేపాల్‌లో దాదాపు 9,000 మంది మరణించారు. మాకు ఆశ్రయమిచ్చిన తల్లి భర్త ఆ రోజు మందిరంలోనే, కూలిన గోడ కింద ప్రాణం విడిచారు. మరుసటి శనివారం టార్పాలిన్ కింద జరిగిన ఆరాధనకు ఆమె వెళ్లారట. ఎలా వెళ్లగలిగారు అని అడిగితే, "ఇంకెక్కడికి పోను?" అన్నారు. ఆమెకు చదువు రాదు. పేతురు కూడా ప్రభువును దాదాపు ఇదే అడిగాడు.

ఆమె మాకు రెండు పూటలా అన్నం, పప్పు, కూర వడ్డించారు. మేము తిన్నాకే ఆమె, కోడలు తినేవారు. మూడో రోజు వంటింటి వైపు చూస్తే ఆమె పళ్లెంలో అన్నం లేదు, ఢిండో ఉంది. అది వాళ్లు కోదో అనే పిండితో, అంటే మన రాగి పిండితోనే గెలికి చేసుకునే ముద్ద. ప్రక్కన గుంద్రుక్, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో కాచిన పులుసు. బియ్యం కింద రోడ్డు నుంచి మోసుకుని రావాలి, కాబట్టి ఆ ఇంట బియ్యం చుట్టాలకు. "ఆమా, ఇది మా ఊరి సంగటే. మాకూ ఇదే పెట్టండి" అన్నాం. ఆమె పడీపడీ నవ్వారు. ఆ పూట అందరం ఒకేసారి కూర్చుని తిన్నాం.

ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు చేతిలో డబ్బు లేకుండానే పంపాడు, పెట్టింది తినమన్నాడు. వెళ్లిన ఊళ్లో ఎవరో ఒకరు తలుపు తీస్తే తప్ప వారికి పూట గడవదు. సువార్త మోసుకువెళ్లేవాడు ముందు చెయ్యి చాచడం నేర్చుకోవాలని ఆయన ఏర్పాటు. ఏలీయాను కూడా దేవుడు పరదేశమైన సీదోను ప్రాంతానికి, సారెపతులో ఒక విధవరాలి ఇంటికి పంపాడు. ఆమె దగ్గర ఉన్నది పట్టెడు పిండి, కాస్త నూనె. మనం ఆ పిండి తరగకపోవడం దగ్గరే ఆగిపోతాం. 1 రాజులు 17వ అధ్యాయం అక్కడ ఆగదు. తరువాత ఆమె కుమారుడు చనిపోయినప్పుడు, ఆ ఇంటి రొట్టె తిన్న ఏలీయా ఆ బిడ్డను ఎత్తుకుని తన గదికి తీసుకువెళ్లి దేవునికి మొరపెట్టాడు. తిన్న ఇంటి బిడ్డ కోసం నిలబడ్డాడు.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, మేము బయలుదేరే రోజు ఆ తల్లి అడిగింది కూడా బిడ్డ గురించే. ఆమె చిన్న కొడుకు హైదరాబాద్‌లో ఒక హోటల్లో వంటపని చేస్తున్నాడు. "మీ దేశంలో వాణ్ని ఎవరైనా ఇంటికి పిలిచి అన్నం పెడతారా?" అని అడిగారు. మాలో హిందీ వచ్చిన సహోదరుడు ఆ మాట తెలుగులో చెప్పి ఊరుకున్నాడు. దానికి జవాబు చెప్పవలసింది మేము నలుగురమే కాదు, మన సంఘమంతా.

నేపాలీ బిడ్డలు హైదరాబాద్‌లోనే లేరు. రాత్రిళ్లు విజిల్ వేస్తూ మన వీధులు కాచి, నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడే గూర్ఖా ఉన్నాడు. సెంటర్‌లో నూడుల్స్ బండి దగ్గర పనిచేసే కుర్రాళ్లున్నారు. వారిని పేరు పెట్టి పిలిచే ఇల్లు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయి? ఎవరో ఏమిటో తెలియనివారిని ఇంటికెలా పిలుస్తాం అని కొందరు అడగవచ్చు. ఆ తల్లికి మేమెవరమో తెలుసా? పైగా మమ్మల్ని ఇంట్లో పెట్టుకోవడం ఆమెకు ఇబ్బంది తెచ్చేదే.

ఇంకొక్క మాట. ఆ కుర్రాళ్లలో విశ్వాసులు ఉండవచ్చు, లేకపోవచ్చు. అన్నం పెట్టడానికి అది అడగనక్కర్లేదు. అన్నం ఎర కాకూడదు. ఆకలిగా ఉన్నవానికి పెట్టిన ముద్ద తనకు పెట్టినట్టేనని ప్రభువు లెక్క వేస్తాడు. ఆయనకు ఆ లెక్క చాలు.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రేమవిందుకు సంగటి, పప్పు వండుదాం. ప్రతి కుటుంబం పొరుగు దేశం నుంచో పొరుగు రాష్ట్రం నుంచో వచ్చి మన మధ్య కష్టపడుతున్న ఒక్కరినైనా వెంటబెట్టుకుని రావాలని మా మనవి. వాళ్లకు ముందు వడ్డించి మనం తరువాత తినడం కాదు. ఒకే చాప మీద, ఒకేసారి కూర్చుందాం.

మన తలుపు తట్టేవారిలో తన్ను చూసే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.