మంచు కనుమ కుక్కకు ఉప్పునేల కాపురమా?

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణముగా, అరియాంకుప్పం ఏరు సముద్రమున కలియు చోటికి చేరువగా, వీరాంపట్టినం అను పల్లెకారుల ఊరు ఉన్నది. ఒడ్డున వరుసగా నిలిపిన పడవలు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన, ఆడి మాసములో సెంగళునీర్ అమ్మన్ రథోత్సవము ఆ ఊరి గుర్తులు. వేసవి నడుమ అచటి ఇసుక మధ్యాహ్నవేళ ఉత్తకాలికి నిప్పువలె తగులును. సాయంకాలము సముద్రపుగాలి వీచినను అది తడిగాలియే గాని చలిగాలి కాదు. ఇట్టి తీరమున సెయింట్ బెర్నార్డ్ అను మహాకాయ శునకమును పెంచుట ఉచితమా అని ఎవరైన ప్రశ్నించినచో, ప్రశ్నించినవానినే లోకజ్ఞానము లేనివానిగా చూచు కాలము వచ్చినది. డబ్బు ఉండవలెనే గాని ఏ కుక్కనైన ఎక్కడనైన పెంచవచ్చునని, శీతలయంత్రము హిమాలయమునే ఇంటిలోనికి తెచ్చి పెట్టునని, అన్నింటికి మించి ఆ కుక్క సాధువనియు, ప్రాణదాత యనియు వాదించువారు మన తీరపట్టణములలో కొరత లేకుండ ఉన్నారు. వారి మాటలో ఒక పాలు నిజము, రెండు పాళ్లు కథ. ఆ కథకు మూల్యము చెల్లించునది కుక్క.

వీరాంపట్టినమును ఉదాహరణగా తీసికొనుటకు మరియొక కారణము కలదు. దాని సరిహద్దుననే అరికమేడు దిబ్బ ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్, ఆ పిమ్మట 1947 మొదలు 1950 వరకు ఫ్రెంచి పండితుడు కజాల్ అచట త్రవ్వకములు జరిపిరి. కజాల్ తన గ్రంథనామములో ఈ పల్లె పేరును అరికమేటి పేరునకు ముందే నిలిపెను. ఇటలీలో కాల్చిన ఎర్రని మెరుగు పాత్రల ముక్కలు, ద్రాక్షసారాయమును మోసికొనివచ్చిన రెండు పిడుల జాడీల పెంకులు ఆ మట్టిలో దొరకినవి. అట్టి సరకును ఓడలకెక్కించిన రోమనుల రాజ్యమే, ఇటలీ నుండి ఆల్ప్సు పర్వతములను దాటు ఒక కనుమపై జూపిటర్ దేవునికి గుడి కట్టినది. ఆ కనుమయే నేటి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్. రోమనుల వెంట నడచిన పెద్దతల కావలికుక్కలే ఈ జాతికి మూలమని కొందరి ఊహ. రోము సరకు రెండువేల ఏండ్లనాడే ఈ రేవునకు వచ్చినది గదా, ఆ కొండకుక్క ఇప్పుడు వచ్చిన వింత యేమి అనువారికి ఒక్కటే సమాధానము. జాడీకి ఉక్క పోయదు.

ఆ కనుమ సముద్రమట్టమునకు 2,469 మీటర్ల ఎత్తున ఉన్నది. 1050 ప్రాంతమున బెర్నార్డ్ అను క్రైస్తవ సన్న్యాసి అచట బాటసారులకై సత్రము నెలకొల్పెను. కుక్కల సంగతి చాల తరువాతిది. 1695 నాటి చిత్రములో వాటి రూపము మొదట కనబడుచున్నది. వ్రాతలో మొదటి ప్రస్తావన 1707 నాటిది. మొదట అవి సత్రమునకు కావలికుక్కలు. మార్గదర్శకులు పొగమంచులో వాటిని వెంటబెట్టుకొని పోవగా, దారి కనబడని చోట దారి కనుగొనుటయు, మంచులో పూడిపోయిన మనిషిని వాసనచేత పట్టుటయు వాటికి అలవడినవి. ముసలికుక్కను చూచి పడుచుకుక్క నేర్చుకొనెడిది. అంతకు మించిన శిక్షణ లేదు. రెండు మూడు కలిసి పోయి, పడియున్నవాడు దొరకగనే మంచు త్రవ్వి, ఒకటి వాని మీద పండుకొని తన వేడిమిని ఇచ్చుచుండగా, మరియొకటి సత్రమునకు పరుగెత్తి మనుష్యులను పిలుచుకొని వచ్చెడిది. సుమారు రెండు శతాబ్దులలో రెండువేల మంది ప్రాణములు ఈ విధముగా దక్కినవని లెక్క చెప్పుదురు. 1800 మే నెలలో నెపోలియన్ దాదాపు నలువదివేల సైన్యముతో ఆ కనుమను దాటినప్పుడు కూడ సత్రమున ఈ కుక్కలు ఉన్నవి.

అదే సంవత్సరము పుట్టిన బారీ అను కుక్క నలువదిమందికి పైగా కాపాడినదని ప్రసిద్ధి. దాని బరువు నలువది, నలువదియైదు కిలోలకు మించలేదని దాని శరీరమును పరిశీలించినవారు అంచనా వేసిరి. నేడు ప్రదర్శనలలో బహుమతులందు మగకుక్క బరువు 65 మొదలు 85 కిలోలు. అంతకు మించినవియు కలవు. బారీ పేరు చెప్పి అమ్మబడుచున్న జంతువు బారీకి రెట్టింపు బరువైనదని కొనువానికి ఎవరును చెప్పరు.

చెప్పునవి వేరు. మెడకు వ్రేలాడు బ్రాందీపీపా వాటిలో మొదటిది. 1820లో, ఇరువదేండ్లు నిండని లాండ్‌సీర్ అను ఆంగ్ల చిత్రకారుడు, మంచులో పడిన బాటసారిని రెండు కుక్కలు లేపుచున్నట్లు చిత్రించుచు ఒకదాని మెడకు చిన్నపీపా తగిలించెను. సన్న్యాసులు కుక్కలకు పీపాలు కట్టి పంపిరనుటకు నమ్మదగిన ఆధారము లేదు. పైగా చలికి కొయ్యబారిన మనిషికి సారాయము పోసినచో చర్మపు రక్తనాళములు విచ్చుకొని, లోపల మిగిలిన కొద్ది వేడియు జారిపోవును. చిత్రకారుని సరదా ఇరువది తరముల కుక్కలకు చిహ్నమై కూర్చున్నది! బారీ కాపాడబోయిన నలువదియొకటవ మనిషి దానిని తోడేలనుకొని పొడిచి చంపెననునది రెండవ కథ. పారిసు నగరపు కుక్కల శ్మశానవాటికలో ఆ మాట రాతిపై కూడ చెక్కియున్నది. నిజమునకు బారీ 1812లో బెర్న్ నగరమునకు కొనిపోబడి, రెండేండ్లు విశ్రాంతిగా బ్రతికి, 1814లో ముసలితనమున చనిపోయినది. దాని కళేబరము అచటి మ్యూజియములో ఉన్నది. 1923లో ఆ బొమ్మను మరల సవరించినప్పుడు, అప్పటి ప్రదర్శన కుక్కలకు పోలికగా తల ఆకారమునే మార్చిరి. చచ్చిన కుక్కకైనను ఫ్యాషను తప్పలేదు.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో చూడవలెను. 1816 మొదలు 1818 వరకు వచ్చిన దారుణమైన శీతకాలములలో సత్రపు కుక్కలు అనేకము పనిలోనే చనిపోయినవి. మిగిలినవాటికి బలము చేకూర్చుటకై 1830 ప్రాంతమున న్యూఫౌండ్‌లాండ్ అను నీటికుక్క జాతితో సంకరము చేసిరి. ఆ సంకరము వలన పొడవు బొచ్చు వచ్చినది. బొచ్చుకు మంచుగడ్డలు అంటుకొని, కుక్క బరువెక్కి, నడువలేక పోయినది. సన్న్యాసులు తెలివిగలవారు, పొట్టిబొచ్చువానిని తమకు ఉంచుకొని, పొడవుబొచ్చువానిని క్రిందిలోయలలోని గృహస్థులకు ఇచ్చివేసిరి. లోయవారు వాటి అందమునకు మురిసిరి. 1855 నుండి షూమాకర్ అను స్విస్సు పెంపకందారు వంశక్రమమును వ్రాసి పెట్టి పెంచెను. 1884లో బాసెల్ నగరమున స్విస్సు సంఘము పుట్టినది. అదే ఏట వంశావళి గ్రంథము తెరిచిరి. 1887లో జూరిచ్ నగరమున జరిగిన సమావేశము స్విస్సువారు నిర్ణయించిన లక్షణములకు ఆమోదము తెలిపినది. అటుపిమ్మట పని చూచి కుక్కను ఎన్నుకొనుట పోయి, కొలత చూచి ఎన్నుకొనుట వచ్చినది. మన నగరములలో బొమ్మవలె ముద్దులొలుకుచున్నదని ఎక్కువ ధర పలుకు పొడవు బొచ్చు, తన కొండమీదనే పనికిరాదని త్రోసివేయబడిన బొచ్చు!

కుక్కకు మనిషివలె ఒడలెల్ల చెమట పట్టదు. అరికాళ్లలో తప్ప స్వేదము లేదు. నాలుక చాచి రొప్పుచు, నోటి తడిని ఆవిరిచేసి ఒంటి వేడిని బయటకు పంపుటయే దానికి ముఖ్యోపాయము. గాలి పొడిగా ఉన్నచో ఈ ఉపాయము పారును. వీరాంపట్టినం వంటి తీరమున గాలియే తడితో నిండియుండుటచే ఆవిరి అగుట మందగించును. ఎంత రొప్పినను వేడి పోదు. రొప్పుటకు పడిన శ్రమ వలన మరికొంత వేడి పుట్టును. శరీరము పెద్దదైన కొలది బరువునకు తగినంత పైచర్మము ఉండదు గనుక వేడి లోపలనే నిలుచును. ఇది భౌతికశాస్త్రము, యజమాని ప్రేమతో దీనికి నిమిత్తము లేదు. ఇంతే కాక, తుంటికీలు సడలుట, గుండె కండరము సాగి బలహీనమగుట, కడుపు ఉబ్బి మెలిపడుట, ఎముకలలో పుండు, కనురెప్ప లోపలికి ముడుచుకొనుట మొదలైన బాధలు ఈ జాతికి మిక్కిలి. ఆయువు సామాన్యముగా ఎనిమిది, పది సంవత్సరములు. స్వదేశమున, చలిలో, మంచి వైద్యుని చేతిక్రింద కూడ ఇంతే.

శీతలయంత్రము ఉన్నదిగదా అందురు. ఎనుబది కిలోల జంతువును నాలుగు గోడల నడుమ నునుపు రాతినేలపై రోజంతయు పండుకొనబెట్టుట పోషణ అనిపించుకొనదు. నడక లేనిచో బరువు పెరుగును. బరువు పెరిగినచో తుంటి చెడును. తుంటి చెడినచో నడకయే లేదు. మరి విద్యుత్తు పోయిన దినమున? 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరమును తాకినప్పుడు అనేక దినములు దీపములు లేవు. అది డిసెంబరు. అదే మే నెలలో జరిగినచో ఆ యింటి హిమాలయము ఒక పూటలో కరగిపోవును. పొట్టిబొచ్చు రకమును తెచ్చెదమందురు. బొచ్చు పొట్టిదైనను దాని క్రింది దట్టమైన ఉన్ని, దాని క్రింది దేహము ఎక్కడికి పోవును? క్షౌరము చేయించెదమను వారును ఉన్నారు. ఎండ నేరుగా చర్మమునకు తగులుట దాని వలన కలుగు లాభము.

అది ప్రాణములు కాపాడు కుక్క గదా అను మాట చివరిది, అన్నింటికంటె మోసకరమైనది. 2005లో సత్రపు సన్న్యాసులే తమ కుక్కలను మార్టిన్యీ పట్టణములోని బారీ సంస్థకు అప్పగించిరి. నేడవి వేసవిలో యాత్రికుల కన్నులపండువుగా కనుమకు పోయి వచ్చుచున్నవి. మంచుచరియల క్రింద వెదకు పనిని ఆల్ప్సులో ఇప్పుడు చేయునవి హెలికాప్టరులో ఇముడగల తేలికకుక్కలు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపమునకు మన జాతీయ విపత్తు దళము పంపిన జూలీ, రోమియో అనునవి లాబ్రడార్ కుక్కలు. శిథిలముల క్రింద ఆరేండ్ల బాలిక ప్రాణముతో ఉన్నదని జాడ చెప్పినవి అవియే. సెయింట్ బెర్నార్డ్ సాధుస్వభావము మాత్రము నిజము. పిల్లలతో సహనము, యజమానిని విడువని నమ్మకము, తొందరపడని తీరు దానికి పుట్టుకతో ఉన్నవి. బాధపడుచున్నను అరవకుండుట కూడ ఆ సహనములోనిదే. అరవకున్నచో సుఖముగా ఉన్నదని యజమాని తలచును.

ఇంత దూరము పోనక్కరలేనివారికి చేరువలోనే జాతులున్నవి. విజయనగర కాలమున ఆంధ్రదేశము నుండి తరలిపోయిరని చెప్పుకొను తెలుగు రాజుల కుటుంబములు స్థిరపడిన రాజపాళయమే తన పేరును ఒక తెల్లని వేటకుక్కకు ఇచ్చినది. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల వెలువరించినది. కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాచిన జోనంగి ఉన్నది. చేపలచెరువులు వచ్చి బాతులు తగ్గగా దానికి పనిపోయినది, సంఖ్యయు క్షీణించినది. స్వదేశీ అను పేరొక్కటే రక్ష కాదు సుమా. తెలుపుకోసము దగ్గర రక్తములోనే జతగూర్చిన రాజపాళయము కుక్కలలో చెవిటిపిల్లలు పుట్టుచున్నవి. కొలత పిచ్చి ఆల్ప్సులో చేసిన పనినే రంగు పిచ్చి ఇచట చేయుచున్నది. అయినను వేడి వీటికి శత్రువు కాదు. వీరాంపట్టినం పడవల నీడలో పండుకొను పేరులేని ఊరకుక్కకు అంతకంటెను కాదు.

2017 నాటి కుక్కల పెంపక, విక్రయ నియమములు పెంపకందారు తన పేరు నమోదు చేయించుకొనవలెననియు, ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదనియు చెప్పుచున్నవి. అవి మంచివి; పిల్ల అమ్ముడుపోవువరకు దానికి కొంత అండ. కొన్నవాని ఇంటిలో గడచు ఎనిమిది వేసవులకు అండ కొన్నవాని బుద్ధియే. ఇప్పటికే తీరపట్టణములలో ఉన్న సెయింట్ బెర్నార్డులను వీధికి వదలుట మరింత పాపము. వాటిని సూర్యోదయమునకు ముందే నడిపింపవలెను. కడుపునిండ ఒక్కసారి పెట్టక రెండు మూడు పూటలుగా పెట్టవలెను. ఒంటి తూకము పెరుగకుండ చూడవలెను. రొప్పు హెచ్చి కాళ్లు తడబడినచో తడి గుడ్డ కప్పి కూర్చొనక, నీరు పోసి గాలి విసరుచు వెంటనే వైద్యుని చేర్చవలెను. వాటికి జత వెదకుట మాత్రము మానవలెను. ఇచట పుట్టు ప్రతి పిల్లయు మరియొక ఎనిమిది వేసవులు ఈ ఉక్కలో రొప్పవలసినదే.