చిక్కము – లారీ

బనగానపల్లె మామిడితోటలలో కాయ కోయువాడు గడకు కట్టిన చిక్కమును చేత పట్టును. కాయలను దూరనగరములకు పంపువాడు లారీని పిలుచును. చిక్కముతో సరకు హైదరాబాదు చేరదు. లారీతో కొమ్మనున్న కాయ చేతికి రాదు. రెండును వలసినవే. ఏది యెప్పుడు వలయునో యెరుగుటయే పనివాని నేర్పు.

కంప్యూటరుపై వ్రాయువారికిని ఈ వివేకము అవసరము. అందు వ్రాయు సాధనములు రెండు విధములు. నోట్‌ప్యాడ్ వంటివి తేలికవి. 1985లో విండోస్ తొలి రూపముతోనే వెలువడిన ఆ సాధనమునకు ఇటీవల కొన్ని హంగులు చేరినను, అక్షరములను వ్రాసి దాచుటయే దాని ముఖ్యధర్మము. వర్డ్, లిబ్రేఆఫీస్ రైటర్ వంటివి సర్వాంగసంపన్నములు. రంగులు, పట్టికలు, చిత్రములు, పుటసంఖ్యలు అన్నియు వానిలో అమరును.

వీని బరువులోని భేదము ఒక్క మాటతో తెలియును. ‘తెలుగు’ అను మాటకు యూనికోడ్ లెక్కలో 6 సంకేతములు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్–8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్లు. కావున సాదా ఫైలులో ఆ మాటకు 18 బైట్లు చాలును. అదే మాటను వర్డులో దాచినచో, అలంకారముల వివరములును తోడై, ఫైలు వేల బైట్లకు పెరుగును.

అట్లని పెద్ద సాధనము నిందింపదగినది కాదు. పాఠశాల సంచికకు పుటలు తీర్చుటకు తేలిక సాధనము చాలదు. అయితే వ్యాసము వ్రాయ కూర్చున్న విద్యార్థి, మొదటి వాక్యము పుట్టకముందే శీర్షికకు రంగు వెదకుట తగదు. అలంకారమునకు పోయిన గంట ఆలోచనకు దక్కదు.

అంతకంటె ముఖ్యమైనది వ్రాత నిలకడ. యూనికోడ్ వ్యాపింపకముందు తెలుగు ఫాంట్లు తమతమ సొంత సంకేతములతో నుండెడివి. అట్లు కూర్చిన పాఠము, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని గుర్తులుగా కనబడును. 1991లో యూనికోడ్‌నందు తెలుగునకు స్థానము లభించిన పిదప ఈ చిక్కు విడిపోవుటకు దారి ఏర్పడెను. ఒక్క ఫాంటునకో, ఒక్క సాధనమునకో బందీయైన వ్రాత దానితోడనే మూగబోవును. యూనికోడ్‌లోని సాదా పాఠమునకు ఆ భయము తక్కువ. పదేండ్ల పిదప తన వ్యాసమును తెరచిన బాలునకు తెలుగు అక్షరములే కనబడవలెను గదా!

కావున విద్యార్థి మొదట తేలిక సాధనమున వ్రాసి, దిద్ది, భద్రపరచుట మేలు. పిదప అవసరమైనచో పెద్ద సాధనమున దానిని అలంకరింపవచ్చును. కాయ చిక్కములో పడిన తరువాతనే లారీకి పని.