మాస్కు ముందు ఎవరికి?

మా పిన్ని అమెరికాలో కూతురికి పురుడు పోసి, ఆర్నెల్లుండి తిరిగొచ్చింది. చూడ్డానికి వెళ్ళిన మా అందరికీ అక్కడి చలీ, మనవరాలి ముచ్చట్లూ చెప్పి, చివర్లో "అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే నా మనసుకి పట్టలేదే" అంది. విమానం కదిలే ముందు ఎయిర్ హోస్టెస్ ఏదో చేసి చూపిస్తుంటే, పక్కసీటు కుర్రాడు తెలుగులో చెప్పాడట. ప్రమాదం వస్తే ఆక్సిజన్ మాస్కు ముందు తల్లి పెట్టుకోవాలి, తర్వాతే బిడ్డకి పెట్టాలి అని. "ఇదేం చోద్యం! ఏ తల్లయినా అలా చేస్తుందా?"

అక్కడున్న ఆడవాళ్ళమంతా అవునవునన్నాం. ఇంట్లో అందరూ తిన్నాక అడుగూ బొడుగూ ఊడ్చుకు తినే జాతి మనది. అయితే ఆ మాట నన్ను వదల్లేదు. ఊరికే చెబుతారా, ఏదో కారణం ఉండకపోతుందా అని కాస్త వివరాలు వెతికాను.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మనకి చెవులు దిబ్బడేస్తాయి కదా, ఆ కొండ ఎత్తు సుమారు 2800 అడుగులే. విమానం ఎగిరేది 35 వేల అడుగుల ఎత్తున. అక్కడి పల్చటి గాలితో మనిషి బతకలేడు. అందుకే చాలా విమానాల్లో ఇంజను లోపలికి పీల్చి నొక్కిన గాలిలో కొంత భాగాన్ని చల్లార్చి, మనం కూర్చునే చోటికి పంపిస్తారు. బయట ఎంత ఎత్తున్నా లోపల ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నట్టు ఉంటుంది. ఇదంతా నడిచేది కొన్ని స్విచ్చుల మీద.

ఆ స్విచ్చులు మరిచిపోతే? 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో జరిగిందదే. (ఆ సంస్థ 2019లో విమానాలు ఆపేసింది.) ఇంజను గాలిని లోపలికి పంపే స్విచ్చులు వెయ్యకుండానే విమానం పైకి లేచింది. మాస్కులు ఊడిపడ్డాయి. 166 మంది ప్రయాణికుల్లో 30 మందికి పైగా బాధపడ్డారు. కొందరికి ముక్కుల్లోంచి, కొందరికి చెవుల్లోంచి రక్తం కారింది. విమానాన్ని వెనక్కి తిప్పి ముంబయిలోనే దించేశారు కాబట్టి సరిపోయింది. ఇల్లు తాళం వేసి ఆటో ఎక్కాక గ్యాస్ కట్టేశానా లేదా అని మనం గుండె పట్టుకుంటామే, అలాంటి మరుపే ఇదీ. మనం ఆటో వెనక్కి తిప్పించుకుంటాం.

సైప్రస్ దేశపు హీలియోస్ విమానానికి ఆ అదృష్టం కూడా లేకపోయింది. అది 2005 ఆగస్టు 14. ముందు రాత్రి గాలి ఒత్తిడిని పరీక్షించిన ఇంజనీరు, ఆటోమేటిక్‌గా పనిచెయ్యాల్సిన మీటను చేత్తో నడిపే వైపే వదిలేశాడు. పైలట్లు మూడుసార్లు సరిచూసుకునే అవకాశం ఉండి కూడా గమనించలేదు. పైకి వెళ్తుంటే హెచ్చరిక మోగింది. అదే మోత ఇంకో లోపానికి కూడా మోగుతుంది. వాళ్ళు ఆ రెండోదనుకుని దాని సంగతి చూస్తూ చూస్తూనే స్పృహ తప్పారు. విమానం తనంతట తాను ఏథెన్స్ దాకా వెళ్ళి, గాల్లో చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కొండల్లో కూలింది. 121 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

నన్ను భయపెట్టింది కూలడం కాదు, ఆ పైలట్లకి తమకేదో అవుతోందని తెలియకపోవడం. ఆక్సిజన్ తగ్గితే ఊపిరాడనట్టు ఉండదట. కాస్త మత్తుగా, ఒక్కోసారి హుషారుగా కూడా ఉంటుందట. 35 వేల అడుగుల దగ్గర ఒత్తిడి పోతే, మనిషి బుర్ర పనిచేసే వ్యవధి అర నిమిషం నుంచి ఒక నిమిషం. ఆ అర నిమిషంలో గింజుకునే చంటివాడికి మాస్కు తగిలిస్తూ తల్లి ఒరిగిపోతే, ఆ బిడ్డ మాస్కు లాగేసుకున్నప్పుడు మళ్ళీ పెట్టేదెవరు? అదే తల్లి తెలివిలో ఉంటే, బిడ్డ క్షణకాలం సొమ్మసిల్లినా మాస్కు పెట్టగానే తేరుకుంటాడు. పిన్నికి ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. 2018 ఏప్రిల్ 17న అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానం ఇంజను పగిలి, ఆ ముక్కల దెబ్బకి కిటికీ పోయింది. ఆ కిటికీ పక్కన కూర్చున్న ఆమె ప్రాణాలు దక్కలేదు. మిగతావాళ్ళని ఫిలడెల్ఫియాలో క్షేమంగా దించిన పైలట్ ఒక స్త్రీ, ఒకప్పుడు నౌకాదళంలో యుద్ధవిమానాలు నడిపిన టామీ జో షల్ట్స్. (నిబ్బరం ఆడవాళ్ళకుండదనేవాళ్ళకి ఈ పేరు గుర్తుచెయ్యండి.) ఆనాటి ఫొటోలు చూస్తే చాలామంది మాస్కు నోటికి మాత్రమే పెట్టుకున్నారు, ముక్కు బయటే ఉంది! చదువుకున్నవాళ్ళే, రోజూ విమానాలెక్కేవాళ్ళే. చూపించేటప్పుడు ఎవరు చూశారు కనుక?

వాళ్ళ సంగతి అలా ఉంటే, పురుళ్ళకని మొదటిసారి విమానమెక్కే మన అమ్మలకి ఇంగ్లీషులో గడగడా చదివేస్తే ఏం అర్థమవుతుంది? పిల్లలు టిక్కెట్టు కొనిపెడతారు, వీల్‌చెయిర్ రాయిస్తారు, ఎక్కడ దిగాలో కాగితమ్మీద రాసిస్తారు. ఈ నాలుగు ముక్కలు కూడా తెలుగులో చెప్పి పంపితే బాగుణ్ణు. మాస్కు వేలాడగానే గట్టిగా కిందికి లాగాలి, లాగితేనే ఆక్సిజన్ వస్తుంది. ముక్కూ నోరూ రెండూ మూయాలి. దానికున్న సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. కాస్త కాలిన వాసన వస్తే కంగారొద్దు. తర్వాత విమానం తలకిందులైనట్టు కిందికి దిగుతుంది. కూలిపోతోందని కేకలు వేసేది అప్పుడే. నిజానికి పైలట్ మామూలుగా ఊపిరి తీసుకోగల 10 వేల అడుగుల ఎత్తుకి తీసుకొస్తున్నాడన్నమాట. ఒళ్ళో చంటిపిల్ల ఉంటే, ఆ వరసలో అదనపు మాస్కు ఎక్కడుందో ఎక్కగానే అడిగి తెలుసుకోవాలి.

వచ్చే నెల పిన్ని మళ్ళీ వెళ్తోంది. నిన్న మా ఇంటికొచ్చి, కాగితం గ్లాసుకి రబ్బరుబ్యాండు కట్టించుకుని, నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ "ముక్కుపుడక అడ్డొస్తుందేమోనే?" అంది.