చూపే కొలమానం

వైద్యశాలల వార్షిక నివేదికలలో పడకలెన్ని, వచ్చిన రోగులెందరు, జరిగిన శస్త్రచికిత్సలెన్ని అన్న లెక్కలు తప్పక ఉంటాయి. ఆ రోగులలో ఎందరు కోలుకొని మళ్ళీ తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారన్న లెక్క మాత్రం అరుదుగా కనిపిస్తుంది. అమెరికాకు చెందిన మైఖేల్ పోర్టర్, ఎలిజబెత్ టైస్‌బర్గ్ 2006లో వెలువరించిన గ్రంథంలో ఈ వెలితిని ఎత్తిచూపారు. రోగికి చేకూరిన మేలును, ఆ మేలు సాధించడానికైన వ్యయంతో పోల్చి చూడాలని వారు ప్రతిపాదించారు. ఇదే విలువ ఆధారిత వైద్యానికి మూలసూత్రం.

ఇటువంటి విచారణ సంపన్న దేశాలకు తగినదే గాని, మందులకే నిధులు చాలని దేశాలకు కాదని కొందరి వాదం. ఈ వాదం సమంజసం కాదు. నిధులు కొరవడిన చోటనే ప్రతి రూపాయికీ ఫలితం చూసుకోవలసి ఉంటుంది. ఇందుకు కంటిశుక్లాల చికిత్స చరిత్రే నిదర్శనం.

భారతదేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. అంధత్వానికి శుక్లమే ప్రధాన కారణం కావడంతో పల్లెపల్లెనా కంటి శిబిరాలు వెలిశాయి. ఏటా ఇన్ని శస్త్రచికిత్సలు చేయాలని లక్ష్యాలు నిర్ణయించేవారు. లక్ష్యం చేరితే విజయం సిద్ధించినట్లే భావించేవారు. ఆనాడు ఎక్కువగా పాటించిన పద్ధతిలో, మసకబారిన కటకాన్ని తొలగించి రోగికి దళసరి కళ్ళద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు పగిలినా, పోయినా అతనికి లోకం మళ్ళీ అలుక్కుపోయినట్లే. అయినా నివేదికలో మాత్రం ఆ కన్ను బాగుపడిన కంటిగానే నిలిచిపోయేది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు 1996 - 2000 సంవత్సరాల నడుమ నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఒక విస్తృత సర్వే జరిపారు. హైదరాబాదు నగరంలోను, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరి జిల్లాలలోను పదివేల మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించారు. శుక్లం తీసిన కళ్ళలో చాలావాటికి తగిన చూపు రాలేదని అందులో తేలింది. కొన్నింటికి శస్త్రచికిత్సలోని లోపాలు కారణం కాగా, మరికొన్నింటికి సరైన కళ్ళద్దాలు లేకపోవడమే కారణం. అంటే ప్రధానమైన ఖర్చంతా జరిగిన తరువాత, స్వల్పమైన చివరి ఖర్చు జరగక ఫలితం చేజారిందన్నమాట. శస్త్రచికిత్సలను మాత్రమే లెక్కించినంతకాలం ఈ నష్టం ఎవరి కంటా పడలేదు.

దీనికి భిన్నమైన మార్గమూ ఉంది. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి వైద్యశాలను ప్రారంభించారు. శుక్లం తీసిన కంటిలో కృత్రిమ కటకాన్ని అమరిస్తే దళసరి అద్దాల అవసరం తప్పుతుంది. కాని విదేశాల నుండి వచ్చే కటకాల ధర పేదలు భరించలేనిది. అందుచేత ఆ సంస్థ 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి, వాటిని స్వదేశంలోనే తక్కువ ధరకు తయారు చేయసాగింది. వ్యయాన్ని తగ్గిస్తూనే ఫలితాన్ని పెంచవచ్చునని ఈ ప్రయత్నం నిరూపించింది.

2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం పేదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరిచాయి. ఈ మేలును తక్కువగా చూడరాదు. అయితే ఇటువంటి పథకాలలో వైద్యశాలకు ప్రధానంగా చేసిన చికిత్సను బట్టి సొమ్ము అందుతుంది గాని, రోగి కోలుకున్న తీరును బట్టి కాదు. అవసరం లేకపోయినా స్త్రీలకు గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆరోపణలు పలు రాష్ట్రాలలో వచ్చాయి. వాటిని అరికట్టే మార్గదర్శకాలను అమలుచేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఫలితాన్ని కొలవడం సులభం కాదన్నది నిజమే. ఇంటికి వెళ్ళిన రోగి మళ్ళీ రాకపోవచ్చు. ఫలితాన్ని బట్టే సొమ్ము ఇస్తామంటే, జబ్బు ముదిరినవారిని వైద్యశాలలు వెనుకకు పంపే ప్రమాదమూ ఉంది. కనుక రోగి వయస్సును, జబ్బు తీవ్రతను గమనించిన తరువాతనే ఫలితాలను బేరీజు వేయాలి. తొలి అడుగు సొమ్ములో కోత విధించడం కాకూడదు. ఫలితాలను నమోదు చేయడం కావాలి. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. శుక్లం తీసిన కొన్ని వారాలకు రోగి చూపును పరీక్షించడానికి గోడకు తగిలించే అక్షరాల పట్టిక చాలు. చదువురానివారికి గుర్తుల పట్టికలు ఉండనే ఉన్నాయి. గడువునాటికి రోగిని పరీక్షకు రప్పించడంలో ఊరిలోని ఆశా కార్యకర్త తోడ్పడగలదు.

శస్త్రచికిత్స జరిగిన నేతగాడు మళ్ళీ తెగిన పోగును అతకగలుగుతున్నాడా? ముదుసలి ఒకరి ఆసరా లేకుండా వాకిలి దాటగలుగుతున్నదా? వైద్యం విలువ తెలిసేది ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలలోనే. ఆ సమాధానాలు కూడా వార్షిక నివేదికలకు ఎక్కిననాడు, వైద్యానికి వెచ్చించే ప్రజాధనం సార్థకమవుతుంది.