కొట్టేసిన వాక్యం

ఈసారి నా తప్పుతోనే మొదలుపెడతాను.

రామంతాపూర్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండే అమ్మాయి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుంది. చదువైపోయాక ఉప్పల్ వైపు ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్‌లో చేరింది. మొత్తం ఏడుగురు పనిచేసే చోటు. ఒక ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, మడతపెట్టిన కాగితాలు నా ముందు పెట్టింది. "మేడమ్, జర తెలుగు సరిజేసియ్యుండ్రి" అన్నది. చూస్తే ఫిర్యాదు. చేతిరాత, రెండు పేజీలు. (ఆమెను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆమెకు చదివి వినిపించి, సరే అన్నాకే ఇక్కడ పెడుతున్నాను.)

అక్కడి మేనేజర్ ఓనర్‌కు బామ్మర్ది. చేరిన మొదటివారమే ఇంటిపేరు అడిగాడట. రామంతాపూర్‌ల ఏ గల్లీ అని అడిగాడట. అయినా తేలక, నేరుగా "మీరేమోళ్లు?" అన్నాడట. ఈ పిల్ల దాచుకోకుండా చెప్పింది. అప్పటిదాకా "అమ్మా" అని పిలిచినవాడు తెల్లారి నుంచి "ఏమే" అన్నాడు. పక్క కుర్చీల్లోని ఇద్దరమ్మాయిలు మాత్రం "అమ్మా"లుగానే ఉండిపోయారు. తర్వాత కంప్యూటర్ నేర్పుతానని వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేయడం, రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో మెసేజ్‌లు, షట్టర్ దించే టైముకు ఈమె ఒక్కదాన్నే ఆగమనడం. ఒకరోజు చెయ్యి విదిలించి గట్టిగా అడిగితే అతను అన్న మాట: "మీ వాడల ఇవన్నీ మామూలే గదా, నువ్వేందో పెద్దింటిదాని లెక్క జేస్తున్నవ్."

నేను ఎర్ర పెన్ను తీసుకుని అక్షరదోషాలు దిద్దాను. వాక్యాలు సరిచేశాను. ఆ "మీ వాడల" వాక్యం దగ్గర ఆగి, దాన్ని అడ్డంగా కొట్టేశాను. పైన "మీరేమోళ్లు" ఉన్న పేరా కూడా కొట్టేశాను. "కులం తెస్తే అసలు విషయం పక్కదారి పడుతది. వేధింపు మీదనే ఉందాం" అన్నాను. ఆమె ఒక నిమిషం కాగితం వైపే చూసి "సరే మేడమ్" అన్నది.

దళిత స్త్రీల సాహిత్యాన్ని క్లాసులో పాఠంగా చెప్పేదాన్ని. "నల్లపొద్దు" సంకలనాన్ని ఏళ్ల తరబడి పిల్లల చేత చదివించినదాన్ని. నా చేతే ఎందుకు ఆ గీత పడింది? ఎందుకంటే స్టాఫ్ రూముల్లో నాకు అలవాటైన పద్ధతే అది. మనం కులం మాట ఎత్తగానే ఎదుటివాళ్ల ముఖంలో "ఇగో మొదలుపెట్టింది" అనే భావం కనపడుతుంది. ఆ ముఖం చూడకుండా ఉండటానికి మనమే ముందుగా మన మాటల్లోంచి కులాన్ని తీసేసుకుంటాం. అది తెలివి అనుకుంటాం. ఆ తెలివినే ఆ పిల్లకు అంటగట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టక విశాఖ తీర్పు తీసి మళ్లీ చదివాను. పని చోట లైంగిక వేధింపుల గురించి ఎక్కడ సెమినార్ పెట్టినా విశాఖతోనే మొదలవుతుంది. (మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లో ఒక సంస్థ పేరు.) 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చింది. దాని వెనకున్న మనిషి భన్వరీదేవి. రాజస్థాన్‌లోని భటేరి అనే ఊరు. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో "సాథిన్"గా పనిచేసేది. బాల్యవివాహాలు ఆపడం ఆమె ఉద్యోగంలో భాగం. పై కులం ఇంట్లో పసిపిల్ల పెళ్లి ఆపబోయినందుకు 1992 సెప్టెంబర్ 22న ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. పై కులం మగవాళ్లు కింది కులం ఆడదాన్ని ముట్టుకుని మైలపడతారా అన్నది ఆ తీర్పులోని తర్కాల్లో ఒకటి. మనవాళ్లు చాలామంది భన్వరీని దళిత మహిళ అని రాస్తుంటారు. ఆమెది కుమ్మరి కులం, బీసీ. మనం కూడా వివరాలు సరిగ్గా చెప్పాలి కదా.

దేశానికి మార్గదర్శకాలు ఇచ్చిన ఆ విశాఖ తీర్పులో ఆమె పేరు లేదు. రాజస్థాన్‌లోని ఒక పల్లెలో ఒక సామాజిక కార్యకర్త మీద జరిగిన ఘటన అని ఒక్క మాట అని, అది వేరే క్రిమినల్ కేసు కాబట్టి ఇక ప్రస్తావించనక్కర్లేదని ముందుకు వెళ్లిపోయింది. న్యాయశాస్త్రం ప్రకారం అది సరైనదే కావచ్చు. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి నాకు కనపడేది ఇంకొకటి. కులం వల్ల ఆ పని మీద, ఆ మనిషి మీద దాడి జరిగింది. ఆ దాడి వల్ల వచ్చిన తీర్పులో "మహిళ" మిగిలింది, "పని" మిగిలింది, కులం పోయింది. అక్కడా ఎవరో మర్యాదగా గీత గీశారు.

2013 చట్టానికి వద్దాం. ఆ ఏడాది డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక్క విషయం మాత్రం చాలామంది గమనించరు. కమిటీల కూర్పులో కులం అనే మాట ఒకే ఒక్కచోట వస్తుంది. జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీలో నామినేటెడ్ సభ్యుల్లో కనీసం ఒక మహిళ ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ వర్గం నుంచి ఉండాలి. కంపెనీలు, కాలేజీలు, ఆఫీసులు పెట్టుకునే అంతర్గత కమిటీకి ఆ షరతు లేదు. అంటే ఇళ్లల్లో పనిచేసేవాళ్ల, చిన్న దుకాణాల్లో పనిచేసేవాళ్ల ఫిర్యాదులు వినే చోట కులం గుర్తుకొచ్చింది. ఏసీ గదుల్లో కులం ఉండదని చట్టం నమ్మినట్టుంది. మా స్టాఫ్ రూములకు ఒకసారి వచ్చి చూస్తే బాగుండేది.

యూజీసీ 2015 నిబంధనలు కొంత నయం. విద్యార్థినుల మీద జరిగే వేధింపులకు కులం, ప్రాంతం, వర్గం, వైకల్యం తోడైతే బలహీనత ఇంకా పెరుగుతుందని రాసుకున్నాయి. రీసెర్చ్ స్కాలర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాయి. గైడ్ సంతకం మీద బతుకు ఆధారపడిన వాళ్ల సంగతి పీహెచ్‌డీ చేసిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కమిటీలో ఉండాలి, వీసీ, రిజిస్ట్రార్, డీన్‌లాంటి పదవుల్లోని వాళ్లు ఉండకూడదు. కాగితం మీద ఉంది. మనకు కూతవేటు దూరంలో తార్నాకలో, ఇఫ్లూలో 2023 అక్టోబర్‌లో పిల్లలు రోడ్డెక్కింది ఈ కమిటీని సరిగ్గా వేయమనే. క్యాంపస్‌లో ఒక విద్యార్థిని మీద దాడి జరిగాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "మన కమిటీ ఏది?" అడిగిన పిల్లల మీదే కేసులు పడ్డాయి. మీ కాలేజీలో కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా? ఉంటే అందులో మన ఇళ్లనుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? రేపు వెళ్లి ఫోటో తీసుకోండి.

అసలు విషయానికి వస్తాను. ఆ వాక్యం కొట్టేయడం వల్ల నష్టం ఏమిటో నాకు తెల్లారేదాకా పూర్తిగా తట్టలేదు. మర్యాద, ఆత్మగౌరవం సంగతి పక్కన పెట్టండి. నేను కొట్టేసింది సాక్ష్యాన్ని.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. 2016 జనవరి 26 నుంచి అమలు. అందులో 3(1)(డబ్ల్యూ) అని ఒక సెక్షన్ చేరింది. ఎస్సీ, ఎస్టీ మహిళ అని తెలిసి, ఆమె సమ్మతి లేకుండా లైంగిక ఉద్దేశంతో ముట్టుకున్నా, లైంగికమైన మాట అన్నా, సైగ చేసినా నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని వివరణ కూడా రాశారు. ఇక్కడ ఇరుసు "తెలిసి" అన్న మాట. అతనికి తెలుసా? తెలుసు. "మీరేమోళ్లు" అని అడిగి మరీ తెలుసుకున్నాడు. "మీ వాడల" అని తన నోటితోనే చెప్పాడు. నేను కొట్టేసిన రెండు ముక్కలూ సరిగ్గా ఈ ఒక్క మాటను రుజువు చేసేవి.

ఇది ఊహాగానం కాదు. కర్నూలు జిల్లా కేసు ఒకటుంది. 2011లో పుట్టు అంధురాలైన ఒక ఎస్సీ యువతి మీద, ఆమె అన్నలతో కలిసి కూలిపనికి పోయే మనిషి ఇంట్లోకొచ్చి అత్యాచారం చేశాడు. పటాన్ జమాల్ వలీ కేసు అంటారు. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు. స్త్రీ కావడం, దళిత కావడం, చూపు లేకపోవడం మూడూ ఒకే మనిషిలో పెనవేసుకుని ఉంటాయని, విడివిడిగా చూస్తే ఆమెకు జరిగింది అర్థం కాదని అందులో పేజీలకు పేజీలు రాశారు. నల్లజాతి స్త్రీవాదుల వాదనలను ఉదహరించారు. క్లాసులో పాఠంగా చెప్పదగ్గ తీర్పు. అత్యాచారానికి జీవితఖైదు ఖాయం చేశారు. కానీ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేశారు. అప్పటి చట్టం ప్రకారం ఆమె ఎస్సీ అయిన "కారణంగానే" చేశాడని రుజువు కావాలి, ఆ సాక్ష్యం రికార్డులో లేదు అన్నారు. ఇప్పుడు సవరణ తర్వాత, ఎస్సీ అని తెలిసి ఉంటే చాలు. బాధితురాలు గానీ ఆమె కుటుంబం గానీ నిందితుడికి స్వయంగా తెలిసినవాళ్లయితే, కులం కూడా తెలుసనే కోర్టు భావించాలి, కాదని అతనే నిరూపించుకోవాలి. ఆ బరువు అటువైపు మారింది. కానీ మొదటి కాగితంలోనే మనం కులం కొట్టేస్తే తర్వాత ఏ లాయరూ దాన్ని తేలిగ్గా తిరిగి తేలేడు. "అప్పుడెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న బోనులో నిలబడిన మనకే వస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గుర్తుపట్టడం గురించి చెప్పేటప్పుడు శిక్షణల్లో చెయ్యి ఎక్కడ పడింది, మెసేజ్‌లో ఏముంది అని లెక్కపెడతారు. మన ఆడవాళ్ల విషయంలో అది అంతకన్నా ముందే మొదలవుతుంది. ఇంటిపేరు అడగడంతో, "అమ్మా" కాస్తా "ఏమే" కావడంతో. ఎవరి వెనక అడిగేవాళ్లు లేరో లెక్క చూసుకున్నాకే చెయ్యి లేస్తుంది. దొర పొలం, దొర గడీ మన అమ్మమ్మల పని చోట్లు. ఆడబాపగా గడీలో బతికిన ఆడవాళ్లకు వేధింపు అనే మాట తెలియకపోవచ్చు, ఎవరిని ఎందుకు ఎంచుకుంటారో మాత్రం బాగా తెలుసు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు అక్కలను, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమేవాళ్లను అడిగి చూడండి, అదే చెప్తారు.

అయితే ప్రతి ఫిర్యాదులో కులం ఉండి తీరాలని నేననను. వద్దనుకునే హక్కు ఆమెకుంది. ఊళ్లో చెల్లెలి పెళ్లి ఉందనో, అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారనో కారణాలుంటాయి. ఆ నిర్ణయం ఆమె తీసుకోవాలి, రెండు దారులూ తెలిసి తీసుకోవాలి. పెన్ను పట్టుకున్న మేడమ్ తీసుకోకూడదు. ఒక దారి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. కమిటీకి ఫిర్యాదు చేయడం, పోలీసులకు ఇవ్వడం రెండూ చేయొచ్చు. ఒకదానికి ఒకటి అడ్డం కాదు.

ఇక మిగిలింది దూరం. ఏడుగురే ఉన్న చోటు కాబట్టి ఆమె వెళ్లాల్సింది లోకల్ కమిటీకి. రామంతాపూర్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో. ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. ఒకరోజు జీతం పోతే వారం తిండి మీద పడే మనిషికి అది చిన్న దూరం కాదు. చట్టంలో దీనికి మందు ఉంది. పట్టణాల్లో వార్డు లేదా మున్సిపాలిటీ స్థాయిలో నోడల్ అధికారి ఉండాలి, ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేసి గడువులు పెట్టింది. మీ వార్డు ఆఫీసులో అడగండి, ఆ పేరు ఎవరిదని. పదిమంది అడిగితే బోర్డు వేలాడుతుంది. సంఘాలు నడిపే మిత్రులకు ఇంతకన్నా చిన్న పని, ఇంతకన్నా అవసరమైన పని నాకు తోచడం లేదు.

చివరి ఘటన జరిగి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం చూపితే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. మేం లెక్కపెట్టుకుంటే మొదటి గడువుకు పదకొండు రోజులు మిగిలాయి.

తెల్లారి ఆమెను పిలిచి, తప్పు నాదని చెప్పాను. రెండు చట్టాలూ, రెండు దారులూ వివరించాను. వాళ్లమ్మ కూడా వచ్చింది. అంతా విని ఆ పిల్ల అన్నది, "నేను రాసిందే రాద్దాం మేడమ్. గట్లనే గదా ఆయన అన్నది." మళ్లీ మొదటి నుంచి రాసింది. ఒకటి లోకల్ కమిటీకి, ఒకటి పోలీసులకు. వాట్సాప్ మెసేజ్‌లు తేదీలతో ప్రింట్ తీయించాం. ఈసారి నేను అక్షరదోషాలు కూడా దిద్దలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి బయలుదేరుతున్నాం. ఆమె, వాళ్లమ్మ, నేను.