పైపుని మోసేది పంపు కాదు, దాని కింద పెట్టే స్టాండు

అన్నలూ తమ్ముళ్లూ, నాట్లు దగ్గర పడుతున్నాయి. అందరం మోటార్లు సర్వీసింగుకి ఇస్తున్నాం కదా, అందుకే ఇప్పుడు రాస్తున్నా. నేను చెప్పేది మోటారు గురించి కాదు. మోటారు పక్కన పైపు కింద మనం పెట్టే ఆసరా గురించి.

ఒకసారి కాలువ గట్టెమ్మట నడిచి చూడండి. వేలకు వేలు పోసి కొన్న మోనోబ్లాకు ఉంటుంది. దాని డెలివరీ పైపు కింద రెండు ఇటుకలు, ఇటుకల మీద ఓ తుమ్మ మొద్దు, సందు మిగిలితే పాత చెప్పు ముక్క. కొందరైతే పైపుని తాడుతో చెట్టుకి కట్టేస్తారు. నాదీ నాలుగేళ్లు అలాగే ఉండేది లెండి, ఎవర్నీ ఎగతాళి చెయ్యట్లేదు.

ఆ నాలుగేళ్లలో బేరింగులు మూడుసార్లు మార్చా. సీలు సీజనుకొకటి. పోయిన దాళ్వాలో వరి పొట్ట మీద ఉండగా పంపు డెలివరీ మెడ దగ్గర నెర్రె ఇచ్చి నీళ్లు చిమ్మడం మొదలైంది. నాలుగు రోజులు చేలో తడి లేదు. పొట్ట దశలో నాలుగు రోజులంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మెకానిక్కుని అడిగితే "పోత మంచిది కాదండి, వేరే కంపెనీది తీసుకోండి" అన్నాడు. నేనూ నమ్మా.

ఉగాదికి మా మేనల్లుడు వచ్చాడు. వాడు ఓ ఫ్యాక్టరీలో పైపుల పని చేస్తాడు. పాత పంపు తీసేముందు "మామయ్యా, ముందు డెలివరీ ఫ్లాంజి బోల్టులు మాత్రం తియ్యి, చూద్దాం" అన్నాడు. ఆఖరి బోల్టు ఊడగానే పైపు దబ్బున రెండంగుళాలు కిందికి దిగింది, పక్కకీ జరిగింది. "ఇన్నాళ్లూ దీన్ని మోసింది నీ ఇటుకలు కాదు, పంపే" అన్నాడు.

లెక్క వేసుకోండి. నాలుగంగుళాల జి.ఐ. పైపు మీటరుకి దాదాపు 12 కిలోలు. లోపల నీళ్లు ఇంకో 8 కిలోలు. అంటే 20 అడుగుల పైపు నీళ్లతో సహా 120 కిలోలు, రెండున్నర యూరియా బస్తాల పైమాట. బెండు, వాల్వు బరువు దీనికి అదనం. ఇదంతా వేలాడేది పోత ఇనుప మెడకి. పోత ఇనుము నొక్కుడికి ఆగుతుంది గానీ, లాగుడికీ వంపుకీ ఆగదు. పగలకపోయినా పంపు డొక్కు కొంచెం వంగుతుంది, లోపల ఇంపెల్లరు ఒకవైపు రాసుకుంటుంది, సీలు ఒకవైపే అరుగుతుంది. మనం మాత్రం బేరింగు నకిలీదని షాపువాణ్ణి తిడతాం.

"మా నాన్న కాలంలోనూ ఇటుకలేగా" అంటారు కొందరు. నిజమే. ఆ ఆయిలింజన్లు నెమ్మదిగా తిరిగేవి. ఇప్పటి మోనోబ్లాకులు చాలావరకు నిమిషానికి 2,800 చుట్లు పైనే తిరుగుతాయి. అంత వేగంలో వెంట్రుకవాసి వంకర కూడా ఊరుకోదు.

మరి ఏ ఆసరా పెట్టాలి? నా మటుకు నేను స్టాండు కంటే ముందు అది నిలబడే చోటు చూడమంటా. మనది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిచ్చి కుంగుతుంది. పంపు కాంక్రీటు దిమ్మె మీద, స్టాండు మట్టి మీద ఉంటే రెండూ ఒక్కలా కదలవు. జూన్‌లో సరిగ్గా ఆనిన స్టాండు ఏప్రిల్‌కి గాల్లో ఉంటుంది. అందుకే పంపు దిమ్మెనే రెండడుగులు పొడుగు పోయించి, మొదటి స్టాండు దాని మీదే నిలబెట్టాలి. ఫ్యాక్టరీల్లోనూ ఇదే పద్ధతంట.

స్టాండు ఎత్తు తగ్గించి పెంచుకునేలా ఉండాలి. కింద పట్టీ, మధ్యలో మరకడ్డీ, నట్టు, పైన పైపు కూర్చునే అరచందమామ పట్టీ. మన వెల్డింగు షాపులో చేసిస్తారు. దాన్ని పంపుకి దగ్గరున్న మొదటి బెండు కిందో, వాల్వు కిందో పెట్టండి, బరువంతా అక్కడే ఉంటుంది కాబట్టి. పైన క్లాంపు వేస్తే పైపు ఊగకుండా ఉంటే చాలు, పీక పిసికినట్టు బిగించొద్దు. టైరు ముక్కలు మాత్రం పెట్టకండి. అవి అణిగిపోతాయి, బరువు మళ్లీ పంపు మీదికే వస్తుంది. స్ప్రింగు స్టాండ్లు ఉంటాయి గానీ, అవి వేడికి సాగే పైపులకట. మనవి చన్నీళ్లు, ఆ ఖర్చు దండగ.

ఈమధ్య షాపుల్లో రబ్బరు బెల్లో అమ్ముతున్నారు, అదిరడం తగ్గుతుందని. దాంతో జాగ్రత్త. పక్కన ఆపుడు కడ్డీలు లేకుండా బిగిస్తే నీళ్ల ఒత్తిడికి అది సాగి పంపుని తోస్తుంది. నాలుగంగుళాల పైపులో 10 మీటర్ల ఎత్తుకే దాదాపు 78 కిలోల తోపుడు, 30 మీటర్లయితే 235 కిలోలు. పైపు బరువు తప్పించబోయి కొత్త బరువు తెచ్చుకున్నట్టు.

నల్ల హెచ్‌డీపీఈ పైపు వేసినవాళ్లకి ఇంకో తలనొప్పి. 50 మీటర్ల ఖాళీ పైపు 20 డిగ్రీలు వేడెక్కితే 15 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా సాగుతుంది. జి.ఐ. పైపు కలిసేచోట ఓ దిమ్మె కట్టి గట్టిగా పట్టీ వెయ్యండి. అక్కడ మాత్రం బిగించాల్సిందే, లేకపోతే ఆ సాగుడంతా పంపు మీదికి వస్తుంది.

ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష. ఫ్యూజులు పీకి, ఫ్లాంజి బోల్టులు తీసేయండి. పైపు కదలకూడదు. రెండు ఫ్లాంజిల మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి, బోల్టులు చేత్తో తోస్తే దూరాలి. గడ్డపారతో ఎత్తి దూర్చాల్సి వస్తే స్టాండు సరిచెయ్యాలే గానీ బోల్టు బిగించకండి. సక్షన్ వైపూ ఇదే పని. అటువైపు లాగుడుంటే వాషరు దగ్గర గాలి పీలుస్తుంది, రోజూ ప్రైమింగు పోసుకుంటూ కూర్చోవాలి.

నాకు దిమ్మె, స్టాండు కలిపి కొత్త పంపు ధరలో పదో వంతు కూడా కాలేదు. అయినా వాటాల మోటార్ల దగ్గర ఈ పని ముందుకు సాగదు. పంపు కాలిపోతే నలుగురం చందా వేసుకుంటాం, స్టాండుకి మాత్రం "వాడు వేస్తే నేను వేస్తా". మా వాటాలో ఇద్దరు ఇంకా ఇవ్వలేదు, ఈ పోస్టు వాళ్లూ చదువుతారు.

బోల్టులు తీసినప్పుడు మీ పైపు ఎంత కిందికి దిగిందో కింద రాయండి. ఫోటో పెడితే స్టాండు ఎక్కడ రావాలో అందరం కలిసి చూద్దాం.